పన్ను పీకని డాక్టరమ్మ చల్లగా ఉండాలి

పన్ను పీకే డాక్టర్లు ఊరి నిండా ఉంటారు. అందులో గొప్పేముంది? పన్ను పీకని పంటి డాక్టర్ దొరకడమే అసలైన అదృష్టం! అలాంటి డాక్టరమ్మ మా ఛత్రినాకలో, మా గల్లీ మొదట్లోనే ఉంది. ఆ అదృష్టం విలువ తెలియని పాఠకుల కోసం ఈ వారం కలం పట్టాను.

నవ్వకండి. నేను నవ్వడం లేదు. నవ్వితే నా కుడి దవడ ఊరుకోదు.

కొత్త పాఠకులకు నా పరిచయం. పేరు పైన అచ్చయ్యే ఉంది, జగదీశ్వర్. కరెంటు ఆఫీసులో కంప్లయింట్ల సెక్షన్‌లో పనిచేస్తాను. పగలంతా జనం ఫిర్యాదులు వింటాను, వారానికోసారి నా ఫిర్యాదులు జనానికి వినిపిస్తాను. రెండు ఉద్యోగాల్లోనూ నాకు తెలిసిన పని ఒక్కటే, తప్పు ఎవరిదో తేల్చడం.

నాకు నలభై ఏడేళ్ల వయసులో, శివరాత్రికి వారం ముందు, కుడివైపు చిట్టచివర కింది జ్ఞానదంతం నొప్పి మొదలుపెట్టింది. జ్ఞానం నాకు ఆలస్యంగా వస్తుందని మా ఆవిడ కళావతి పాతికేళ్లుగా చెబుతూనే ఉంది. వచ్చేదేదో నిలువుగా రావచ్చు కదా? అడ్డంగా పడుకుని, ముందున్న పన్నును తలతో పొడుస్తూ, సగం చిగురు లోపల, సగం బయట ఉండిపోయింది. తిన్న ప్రతి మెతుకూ ఆ సందులోకే వెళ్లి కాపురం పెట్టేది.

గల్లీ మొదట్లో, కిరాణా దుకాణానికీ టైలర్ షాపుకీ మధ్య, డాక్టర్ మనస్విని క్లినిక్ ఉంది. ముప్పై దాటని అమ్మాయి, మెత్తని మాట. అద్దం పెట్టి చూసింది, చిన్న ఎక్స్‌రే తీసింది, కుర్చీ పైకి లేపింది.

“ఇది మామూలుగా రాదు అంకుల్. చిగురు కోసి, జర ఎముక తీసి, పన్ను తియ్యాలె. నేనిక్కడ సర్జరీలు చేస్తలేను. లెటర్ రాసిస్త, సర్జన్ దగ్గరికి పోండి” అంది.

ఎందుకు చేయడం లేదమ్మా అని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో తర్వాత చెబుతాను, ముందు ఆ లెటర్ గొప్పతనం వినండి. మంచి మందమైన కాగితం. పైన క్లినిక్ పేరు, కింద సంతకం, కుడి మూలన ఎర్రటి అంకెల్లో 117 అని నంబరు. నేను ఆఫీసు మనిషిని. నంబరున్న కాగితం చేతికొస్తే నాకు సగం నొప్పి తగ్గిపోతుంది. నూట పదిహేడో నంబరు పేషెంటునని ఆఫీసులో నలుగురికీ చూపించాను కూడా.

ఇక చూడండి, ఆ ఒక్క కాగితం నా జీవితాన్ని ఎలా మార్చేసిందో!

మొదటి లాభం విహారయాత్రలు. పెళ్లిళ్లకీ చావులకీ తప్ప నేనూ కళావతీ కలిసి బయటికి వెళ్లి ఎన్నేళ్లయిందో మాకే గుర్తులేదు. ఆ లెటర్ పుణ్యమా అని మొదట జల్‌పల్లి చూశాం. ఒక బస్సు, ఒక షేర్ ఆటో, తర్వాత కొత్త కాలనీలో కాస్త నడక. అక్కడి క్లినిక్‌కి సర్జన్ బుధవారాలు మాత్రమే వస్తాడట. సామాను బ్యాగు స్కూటర్ ముందు పెట్టుకుని రోజుకో క్లినిక్ తిరుగుతాడట. మేము వెళ్లింది సోమవారం. బుధవారం మళ్లీ వెళ్లాం. ఆ బుధవారం ఆయన రాలేదు, వేరేచోట ఎవరిదో పన్ను మొండికేసిందట. అయితే ఏం? కళావతి ఆ కాలనీలో గేటు మీద మందారం పాకిన ఇల్లొకటి చూసి ముచ్చటపడింది. తిరుగుదారిలో ఆ ఇంటికి ఏ రంగు వేయాలో మేమిద్దరం గంటసేపు వాదించుకున్నాం. మాకు లేని ఇంటి గురించి అంత హాయిగా దెబ్బలాడుకునే అవకాశం పన్ను పీకేసే డాక్టర్ ఇవ్వగలడా?

రెండో యాత్ర గుడిమల్కాపూర్. క్లినిక్‌లో పాత ఎక్స్‌రే చూడనన్నారు, అది తమది కాదట. నా పన్ను మాత్రం రెండింటిలోనూ అదే పన్ను! దవడ మొత్తం వచ్చే పెద్ద ఫొటో తీశారు. కింద నరం దగ్గరగా ఉంది, ఇంకా పెద్ద ఫొటో కావాలని మరోచోటికి పంపారు. ఆ ఇంకా పెద్ద ఫొటో చూసినవాళ్లు, ఇదంతా అవసరం లేదు, సర్జన్ వచ్చినప్పుడు రండి అన్నారు. ఆయన ఎప్పుడొస్తాడంటే కేసులు మూడు కలిస్తే వస్తాడన్నారు. అప్పటికి నేనొక్కడినే కలిశాను. మార్కెట్‌లో కళావతి బంతిపూలు, బీరకాయలు, మా ఇంట్లో ఎవరూ తినని గుమ్మడికాయ కొంది. నా దవడ ఫొటోలు మాత్రం మూడు పోగయ్యాయి. మా పెళ్లి ఆల్బమ్‌లో కూడా నేను అంత స్పష్టంగా పడలేదు.

రెండో లాభం సంఘంలో గౌరవం. బుగ్గ వాచిన మనిషిని బస్సులో నిలబెట్టేంత కఠినాత్ములు మన పాతబస్తీలో లేరు. “కూసో అన్నా” అంటూ కాలేజీ పిల్లలు లేచి సీటిచ్చారు. ఆఫీసులో మీటర్ కాలిపోయిందని కొట్లాటకు వచ్చినవాళ్లు నా మొహం చూసి, తమ కష్టం పెద్దది కాదని తెలుసుకుని వెళ్లిపోయారు. ఒకాయన మర్నాడు వచ్చి లవంగాలిచ్చిపోయాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా టేబుల్ మీద ఎవరైనా నా మంచి కోరి పెట్టినవి ఆ లవంగాలే.

మూడో లాభం వైద్యవిజ్ఞానం. నోరు తెరవలేని మనిషి కనిపిస్తే గల్లీలో ప్రతివారూ ప్రొఫెసరే! ఉప్పు పెట్టమని ఒకరు, ఆవనూనె పెట్టమని ఒకరు, అసలు ఏమీ పెట్టవద్దని ఒకరు. పై పన్ను తీస్తే కళ్లు పోతాయని, కింది పన్ను తీస్తే చెవి పోతుందని, పొద్దున తీస్తే ఒక రకమని, సాయంత్రం తీస్తే మరో రకమని! ఇన్ని శాస్త్రాలు మా గల్లీలో ఉండగా ఆ అమ్మాయి అయిదేళ్లు కాలేజీలో ఏం చదివిందో నాకు అర్థం కాలేదు.

నాలుగో లాభం ఇంట్లో శాంతి. నేను మాట్లాడలేకపోవడంతో మా ఆవిడ మొదలుపెట్టిన వాక్యాలు పూర్తి కావడం మొదలైంది. ఆమెకు కాకరకాయ వేపుడు ఇష్టం లేదట. నా కోసమే ఇరవై అయిదేళ్లుగా తింటోందట. ఈ మాట చెప్పడానికి నా పన్ను వాచేదాకా ఆగిందంటే, అంతకుముందు నేను ఎంతసేపు మాట్లాడి ఉంటానో లెక్కవేసుకోండి.

బోనాల సంగతి చెప్పాలా? చుట్టాలందరూ వచ్చారు. గల్లీ అంతా మసాలా వాసన. మాంసం వండని ఇల్లు లేదు, ముక్క తినని మనిషి నేనొక్కడినే. అందరి మధ్యా స్టీలు గ్లాసుతో రాగిజావ తాగుతూ కూర్చున్నాను. నా ఆరోగ్యానికి ఎంత మేలు! శివరాత్రి నుంచి బోనాలకు నాలుగు కిలోలు తగ్గాను. జిమ్‌కి వెళ్లేవాళ్లు నా లెటర్ చూసి కుళ్లుకోవాలి.

పన్ను మొదటిరోజే పీకేసి ఉంటే ఇవన్నీ వచ్చేవా? వారం రోజుల్లో మామూలు మనిషినైపోయి, అందరిలాగా నమిలి తింటూ, బస్సులో నిలబడి వెళ్లేవాణ్ని!

అలా మూడుసార్లు వాచింది, మూడుసార్లు మందులతో తగ్గింది. దసరా వెళ్లాక నాలుగోసారి వాచింది.

ఈసారి నోరు ఒక వేలు సందు మాత్రమే తెరుచుకుంది. మింగితే గొంతులో ఏదో అడ్డం. పొద్దున కళావతి చెంచాతో నీళ్లు పోస్తే అవి పెదవి మీద నుంచి చొక్కా మీదికి జారాయి. చెంచా గ్లాసులో పెట్టింది. అది గ్లాసు అంచుకు టకటకా తగిలింది. చూస్తే ఆమె చెయ్యి వణుకుతోంది. నా పెళ్లాం చెయ్యి వణకగా నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు, నిజంగానే భయం వేసింది.

ఆ రోజు బుధవారం. ఆటో మాట్లాడుకుని జల్‌పల్లి పోయాం. ఎనిమిది నెలల నా పుణ్యం పండి సర్జన్ డానియేలు వచ్చి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మెడలో కళ్లజోడు. బుగ్గ కింద, దవడ కింద వేళ్లతో నొక్కి చూశాడు.

“వాపు గొంతు దిక్కు దిగుతున్నది. ఇంకో రెండు రోజులైతే నువ్వు నా దగ్గరికి కాదు, పెద్ద దవాఖానకు పోతుంటివి” అన్నాడు.

ఇంజెక్షన్ చేశాడు, మందులు రాశాడు. ఇంత వాపులో కోయకూడదని, అయిదారు రోజుల్లో తగ్గగానే ఆలస్యం చేయకుండా తీయించుకోవాలని చెప్పాడు. వచ్చే బుధవారం తాను ఊళ్లో ఉండనన్నాడు. ఆ తర్వాత మా ఫైలు తిరగేస్తూ నూట పదిహేడో నంబరు లెటర్ దగ్గర ఆగిపోయాడు.

“మనస్విని రాసిందా? మీది ఛత్రినాకేనా?” అని అడిగాడు. కళావతి అవునంది.

“ఆ పిల్ల నా చేతికింద మూడేండ్లు చేసింది. గిసొంటి పండ్లు ఎన్ని తీసిందో. నా కంటె నెమ్మది చెయ్యి. ఇంటి పక్కన ఆమెను పెట్టుకుని ఎనిమిది నెలల సంది నా కోసం తిరుగుతున్నరా? నేను చెయ్యమన్ననని చెప్పండి. అసలు ఆమె ఎందుకు చేస్తలేదమ్మా?”

కళావతి నా వైపు చూసింది. నోరు తెరుచుకోనందుకు ఆ క్షణంలో నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

పాఠకులారా, ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

మా గల్లీలో ఒక ఆచారముంది. స్కూటర్ రిపేరుకిస్తే మెకానిక్ కొత్త సామాను వేసి, తీసేసిన పాత సామాను మన చేతిలో పెట్టాలి. పెట్టకపోతే వాడు మోసగాడు. ఫ్యాన్ అయినా, మిక్సీ అయినా అంతే. ఈ న్యాయాన్నే మేము పంటికి కూడా వర్తింపజేశాం. పన్ను పీకించుకున్నవాడు దాన్ని దూదిలో చుట్టుకుని తెచ్చి, మల్లన్న పాలబూత్ ముందున్న బెంచీ మీద పెట్టాలి. గల్లీ పెద్దలు వేర్లు లెక్కపెట్టాలి. వేర్లు అన్నీ ఉండి, పన్ను నిండుగా ఉంటే డాక్టర్‌కు పని వచ్చినట్టు. విరిగి ఉంటే రానట్టు.

రెండేళ్ల కిందట పుష్పమ్మ తన పన్ను తెచ్చింది. రోజూ తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చి, గుడి దగ్గర అమ్ముకునే మనిషి. ఆమెకూ నాలాగే అడ్డం తిరిగిన జ్ఞానదంతం. మనస్విని తన క్లినిక్‌లోనే కోసి తీసింది. దూది విప్పితే లోపల మూడు ముక్కలున్నాయి.

ఆ రోజు బెంచీ మీద నేనూ ఉన్నాను. తప్పు ఎవరిదో తేల్చడం నా వృత్తి అని ముందే చెప్పాను కదా? ఫోన్ తీసి, ముక్కలను వరసగా పేర్చి, ఫొటో కొట్టాను. గల్లీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, అందరినీ జాగ్రత్తపడమంటూ కింద ఇలా రాశాను: ‘ఒక్క పన్ను, మూడు ముక్కలు. జర పైలం!’

ఎంత చిన్న వాక్యం! కాలమ్ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను రాసినవాటిలో అంతగా పేరు తెచ్చుకున్నది మరొకటి లేదు. బొటనవేళ్లు, నవ్వుల బొమ్మలు, చప్పట్లు! పక్క గల్లీల గ్రూపులకు కూడా వెళ్లింది. సాయంత్రానికి గ్రూప్‌లోనే పిలుపిచ్చుకుని, మల్లన్న ముందు నడవగా పదకొండు మంది క్లినిక్ మీదికి పోయారు. ఆ అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసి చూపించిందట. అడ్డంగా ఉన్న పన్నును నిండుగా లాగితే దవడ దెబ్బతింటుంది, అందుకే లోపలే ముక్కలుగా కోసి ఒక్కొక్కటీ తీస్తారు, అదే దాని పద్ధతి అని చెప్పిందట. పన్ను విరగలేదు, నేనే కోసిన అందట. ఎవరు వింటారు? మస్తు లొల్లి అయింది. వెయిటింగ్ బెంచీ మీదున్న ఇద్దరు పేషెంట్లు లేచిపోయారు. నేను పోలేదు. పెద్దమనిషిని కదా, బెంచీ మీద చాయ్ తాగుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె మామూలు పళ్లే తీస్తోంది. కోసి తీయాల్సినవాటన్నిటికీ లెటర్లే. ఎందుకు చేయడం లేదమ్మా అని నేనెలా అడుగుతాను?

ఆరో రోజుకు వాపు తగ్గింది. రెండు వేళ్ల సందు తెరుచుకుంది. కళావతి నన్ను చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి తీసుకుపోయింది. డానియేలు సార్ నిన్నే చేయమన్నాడు బిడ్డా, అని ఆవిడే చెప్పింది. మనస్విని నా ఫొటోలన్నీ లైటు డబ్బా మీద పెట్టి చాలాసేపు చూసింది.

నేనింక ఆగలేకపోయాను. “అమ్మా, రెండేండ్ల కింద గా మెసేజ్ పెట్టింది నేనే” అన్నాను.

“తెలుసంకుల్. నేను గూడ అదే గ్రూప్‌ల ఉన్న” అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త బాగుండేది. ఆ గ్రూప్‌లో ఉండి, ఆ బొటనవేళ్లన్నీ ఒక్కొక్కటీ పడుతుంటే ఈ పిల్ల తన ఫోన్‌లో చూస్తూ కూర్చుందన్న మాట! ఆ పదకొండు మంది వస్తున్నారని ఆమెకు ముందే తెలుసు. తెలిసి కూడా తలుపు మూసుకోలేదు, కాగితం పెన్నూ తీసి పెట్టుకుంది.

టేబుల్ సొరుగులోంచి లెటర్ల పుస్తకం తీసింది. లెటర్ చింపి ఇచ్చాక మిగిలే సగాలు అందులో ఉన్నాయి. పేర్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టి, నంబర్లు మాత్రం కనపడేలా వేలితో తిప్పింది. ఒకటో నంబరు తేదీ నా మెసేజ్‌కు మూడు రోజుల తర్వాతిది. చివరిది నూట ముప్పై ఒకటి, నిన్నటిది.

“అంతకుముందు ఈ బుక్కు లేకుండె అంకుల్. మీ మెసేజ్ అయినంక అచ్చు వేయించిన” అంది. ఆగి, “నాకు పంటితోని భయం లేదు. బెంచీతోని భయం” అంది.

పేర్లు ఆమె చెయ్యి కింద ఉన్నాయి. నాకు పేర్లు ఎందుకు? రెండేళ్లుగా మా గల్లీలో వాచిన బుగ్గలన్నీ నాకు తెలుసు. మల్లన్న భార్య కిందటేడు బోనాల్లో చెంపకు తువ్వాలు కట్టుకుని తిరిగింది. తువ్వాలు కొత్త ఫ్యాషనా అని ఇదే కాలమ్‌లో జోకు వేశాను. మీలో కొందరు నవ్వి ఉత్తరాలు కూడా రాశారు.

నూట పదిహేడో నంబరని ఆఫీసులో చూపించుకుని తిరిగిన కాగితం నా జేబులోనే ఉంది. తీసి టేబుల్ మీద పెట్టాను. “చెయ్యి బిడ్డా. ఎన్ని ముక్కలైనా మంచిదే” అన్నాను. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుకూ పంటికీ సంబంధం లేదు.

ఆమె లేచి, అల్మారా పై అరలోంచి గుడ్డ కప్పిన సర్జరీ సామాను డబ్బా దించింది. బీపీ గోళీ వేసుకున్నానా, తిని వచ్చానా అని అడిగింది.

ఎలా జరిగిందో చెబుతాను, భయపడేవాళ్లకు పనికొస్తుంది. రెండు సూదులు గుచ్చుకున్నాయి, తర్వాత సగం మొహం నాది కాకుండా పోయింది. ఏం చేస్తోందో ప్రతిదీ ముందే చెప్పింది. ఇప్పుడు నొక్కినట్టుంటుంది అంటే నొక్కినట్టే ఉంది. ఇప్పుడు చప్పుడొస్తుంది అంటే మా గల్లీలో బోరు వేసినంత చప్పుడు వచ్చింది. నొప్పి మాత్రం లేదు. తర్వాత పక్కనున్న స్టీలు పళ్లెంలో టింగుమని ఏదో పడింది. నేను కళ్లు మూసుకుని లెక్కపెట్టాను. బెంచీ అలవాటు అంత తొందరగా పోదు కదా! ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి కాస్త సమయం పట్టింది. అది కూడా పడింది. మూడు కుట్లు. ఎనిమిది నెలల నా విహారయాత్ర ఇరవై అయిదు నిమిషాల్లో ముగిసిపోయింది.

దూది కరిచి పట్టుకోమంది, గంటసేపు మాట్లాడవద్దంది, ఉమ్మవద్దంది. ముక్కలు కడిగి చిన్న పొట్లంలో కట్టి నా చేతిలో పెట్టింది.

“ఇగో అంకుల్, మీ పాత సామాను.”

బయట పాలబూత్ బెంచీ మీద సభ కూడి ఉంది. మల్లన్న చెయ్యి చాపాడు. ఇవ్వకుండా పోవచ్చు. కానీ ఆచారాన్ని నెత్తిన పెట్టుకుని మోసినవాణ్ని, ఎలా పోతాను? పొట్లం ఇచ్చాను. ఆయన విప్పాడు, వేలితో కదిపి లెక్కపెట్టాడు, ఫోన్ తీశాడు. అది పద్ధతని, కోసి తీసిందని, నేనే అడిగి చేయించుకున్నానని చెప్పాలి. నోట్లో దూది. రెండు చేతులూ ఊపాను. నొప్పితో ఊపుతున్నాననుకుని మల్లన్న జాలిగా నా భుజం తట్టాడు.

ఇంటికి చేరేలోపే గ్రూప్‌లోకి వచ్చేసింది. నా నాలుగు ముక్కలు వరసగా, కింద నా వాక్యమే: ‘ఒక్క పన్ను, నాలుగు ముక్కలు. జర పైలం!’ అంకె ఒక్కటే మార్చాడు. రచయితకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

బొటనవేళ్లు పడటం మొదలైంది. చెంపకు ఐసు పెట్టుకుని జవాబు టైపు చేశాను. పెద్దదైపోయింది, చెరిపేశాను. మళ్లీ రాశాను. అందులో నా తప్పు కంటే నా తెలివి ఎక్కువ కనిపించింది, అదీ చెరిపేశాను. రాయడమే పనిగా బతికేవాడికి నాలుగు మాటలు కుదరలేదు. అటుపక్క ఆ అమ్మాయి క్లినిక్‌లో కూర్చుని ఇవన్నీ ఒక్కొక్కటీ చూస్తూనే ఉంటుంది. ఆ డబ్బా మళ్లీ గుడ్డ కప్పి పై అరలో పెట్టేస్తుందేమోనని నా భయం.

అంతలో గ్రూప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పుష్పమ్మది. ఆమెకు రాయడం రాదు. రెండేళ్లుగా గ్రూప్‌లో ఉన్నా ఆమె గొంతు ఎవరమూ వినలేదు. కళావతి ఫోన్ మధ్యలో పెట్టి నొక్కింది. వెనకాల గుడి గంట, బస్సు హారన్.

“గప్పుడు నా పన్ను ఫోటో పెట్టిండ్రు. గిప్పుడు జగదీశ్వర్ సారుది పెట్టిండ్రు. ముక్కలు లెక్కపెట్టిండ్రు గని, నొప్పి పోయిందా పుష్పమ్మా అని నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? పోయింది. గా రోజే పోయింది. రెండేండ్ల సంది రెండు దిక్కులా నములుతున్న.”

అంతే. మెసేజ్ అయిపోయింది.

బొటనవేళ్లు ఆగిపోయాయి. చివరికి మల్లన్న దగ్గర్నుంచి ఒక లైను వచ్చింది. డాక్టరమ్మ రేపు ఎన్ని గంటలకు వస్తుంది, మా ఇంటామెను తీసుకురావాలి అని. దాని కింద మనస్విని పది గంటలకు అని రాసింది. రెండేళ్లలో ఆ గ్రూప్‌లో ఆమె రాసిన మొదటి మాట అది.

నేనింకా ఏమీ రాయలేదు. ఆ రాయనిదే ఇక్కడ రాస్తున్నాను.

మా కంప్లయింట్ల సెక్షన్‌లో ప్రతి ఫిర్యాదుకీ ఒక నంబరు వేస్తాం. పక్కన ‘ఎవరి మీద’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపకుండా కాగితం ముందుకు కదలదు. డాక్టరమ్మ సొరుగులో నూట ముప్పై ఒక్క నంబర్లున్నాయి. ఒక్కో నంబరు వెనక ఒక వాచిన బుగ్గ, రెండు మూడు బస్సులు, చెంచాతో నీళ్లు పోస్తూ వణికిన చెయ్యి ఒకటి. అన్నిటికీ ఆ గడిలో రాయాల్సింది ఒక్క పేరే. వెతకనక్కర్లేదు, వారం వారం ఈ కాలమ్ పైన అచ్చవుతూనే ఉంది.